గొంతులు దొంగిలించే పిల్లి

మా వదిన గొంతు నాకు బాగా వచ్చు. కాస్త బొంగురుగా, మాట చివర సాగదీస్తూ, పేట మొత్తానికీ వినబడేటట్టు మాట్లాడుతుంది. వీధి వీధికీ చేపల గంప మోసి అరిచిన గొంతు మరి. వదినదొక్కటే కాదు, మా అమ్మ సణుగుడు, పక్కింటి పెద్దాయన దగ్గు, మా సారు ఫోనులో మాట్లాడే ఇంగ్లీషు, అన్నీ వచ్చు. ద్వారకా నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్లో ముందు కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్లకి కోర్సుల గురించి చెప్పడం నా ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చి ఆ రోజు వచ్చిన తల్లిదండ్రులందరినీ వరసగా పలికిస్తే మా అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఇప్పుడు ఎవరు బతిమాలినా చెయ్యను. 

అన్నయ్య కూతురికి అప్పుడు నాలుగేళ్లు. అన్నయ్య బోటు మీద వేటకి పోయేవాడు, వదిన బజారుకి పోయేది. పిల్లకి అన్నం పెట్టే పని, సెలవురోజుల్లో నాది. కార్టూన్లు అలవాటు చేసిందీ నేనే. ఫోను ముందు పెడితే గానీ ముద్ద దిగేది కాదు. అలాగని కళ్లు మూసుకుని ఇచ్చేయలేదు. కొట్టుకోవడాలు, కొండ మీంచి పడి దులుపుకుని లేవడాలు ఉన్నవన్నీ వద్దనుకున్నాను. వెతగ్గా వెతగ్గా ఉడతపిల్లల కథ ఒకటి దొరికింది. మెత్తటి రంగులు, చిన్న చిన్న పాటలు, ప్రతి భాగం చివరా ఒక నీతి. రెండు భాగాలు పక్కన కూర్చుని చూశాను. అబద్ధం ఆడకూడదు, ఉన్నది పంచుకు తినాలి. ఇంతకన్నా ఏం కావాలి అనుకుని ఫోను దానికి అప్పజెప్పి నా పని నేను చూసుకున్నాను. మిగతా భాగాల్లో ఏముందో ఇంట్లో ఎవరం చూడలేదు.

పిల్లకి మాత్రం ఆ డబ్బింగ్ తెలుగు పట్టుబడింది. మేమంతా ఏటి, ఒలే అని మా భాషలో మాట్లాడుకుంటుంటే అది పెరట్లో కోళ్ల ముందు నిలబడి "మిత్రులారా, నన్ను అనుసరించండి" అనేది. మాకు అదో ముచ్చట. చుట్టాలొస్తే పిలిచి మరీ మాట్లాడించేవాళ్లం.

అది వేట నిషేధం నడుస్తున్న వేసవి. బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి. అన్నయ్య వలలు బాగుచేయడానికి హార్బరుకి వెళ్లాడు. వదిన ఎండుచేపల బేరానికి పూర్ణా మార్కెట్‌కి వెళ్లింది. ఆదివారం కాబట్టి నేను ఇంట్లో ఉన్నాను. మా అమ్మ వీధి అరుగు మీద పడుకుంది. మధ్యాహ్నం పిల్ల అన్నం తినకుండా మంచం కిందికి దూరి కూర్చుంది. ఎంత పిలిచినా రాదు. నాకు విసుగొచ్చింది. తలుపు వెనక్కి వెళ్లి వదిన గొంతుతో, "ఒలే గుంటా, నానొచ్చీసాను, రాయే" అని పిలిచాను.

పిల్ల మంచం కిందనుంచి ఒక్క ఉరుకున వచ్చింది. తలుపు వెనక నేను. నన్ను చూసింది, వీధిలోకి చూసింది, మళ్లీ నన్ను చూసింది. నేను పగలబడి నవ్వాను. అది నవ్వలేదు, ఏడవనూ లేదు. నా నోటివంకే చూస్తూ నాలుగు ముద్దలు గబగబా మింగింది. భలే ఉపాయం దొరికిందని సంబరపడి, ఫోను చేతిలో పెట్టి, బట్టలు ఆరేయడానికి మేడ ఎక్కాను. పావుగంట కూడా కాలేదు. దిగేసరికి చాప మీద ఫోను తన పాటికి తాను ఆడుతోంది. పిల్ల లేదు.

మంచం కింద చూశాను, తలుపుల వెనక చూశాను, బియ్యం డ్రమ్ము వెనక చూశాను. పేరు పెట్టి పిలిచాను, ముద్దుపేరుతో పిలిచాను. పలుకు లేదు. పెరట్లోకి వెళ్లాను. కాలికేదో కర్రముక్క తగిలితే పక్కకి తన్నేశాను. అప్పుడు, తల్లి గొంతు వింటే వస్తుంది కదా అని, నడిపెరట్లో నిలబడి మళ్లీ వదిన గొంతుతో పిలిచాను. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు పిలిచాను. 

మా పేటలో పిల్ల కనబడలేదంటే ఇంట్లో వెతికేవాళ్లుండరు. అందరి కాళ్లూ సముద్రంవైపే పోతాయి. మా ఇంటినుంచి నీళ్లు నూరడుగులు కూడా ఉండవు. నా కేక విని మగవాళ్లు పేకముక్కలు పడేసి పరుగెత్తారు, ఆడవాళ్లు చీరలు ఎగదోపుకుని పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. ఆ మధ్యాహ్నం కెరటాలు పెద్దవిగా ఉన్నాయి. ఇద్దరు కుర్రాళ్లు నీళ్లలోకి దూకారు. నురగలో ఏ చెత్త కనబడినా నాకు దాని గౌనులాగే ఉంది. ఎర్ర గౌనా, పచ్చ గౌనా అని ఎవరో అడిగితే చెప్పలేకపోయాను. పొద్దున్న నేనే వేశాను, రంగు గుర్తు రాలేదు. మా అమ్మ ఇసకలో చతికిలబడి నా కొంగు పట్టుకుని, "దానమ్మకేటి సెప్తావే?" అంది. అంత మెల్లగా మా అమ్మ మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

వదినకి ఫోను చెయ్యాలని ఇంటికి తిరిగొచ్చాను. మార్కెట్లో ఆవిడ పక్క బేరగత్తె ఎత్తింది. పిల్ల కనబడటం లేదని చెప్పాను, అవతల ఫోను కింద పడ్డ చప్పుడు వినబడింది. నా చేతిలో ఫోను మళ్లీ కార్టూన్‌లోకి వెళ్లిపోయింది. ఆపడానికి వేలు పెట్టబోయి ఆగిపోయాను.

తెర మీద ఉడతపిల్ల చెట్టు తొర్రలో నక్కి ఉంది. బయట ఒక పిల్లి. దాని మెడలో సంచి, సంచినిండా దొంగిలించిన గొంతులు. అందులోంచి ఉడతమ్మ గొంతు తీసి, "రా తల్లీ, అమ్మను వచ్చాను" అని పిలుస్తోంది. ఉడతపిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది. తర్వాత అసలు తల్లి వచ్చి తొర్ర మీద మూడుసార్లు తట్టింది. పిల్ల బయటికొచ్చింది. చివర నీతి చెప్పారు: గొంతు విని మోసపోవద్దు, గుర్తు అందేదాకా పలకవద్దు. మంచి నీతే. నేనే పక్కన ఉండి చూసుంటే నేనే మెచ్చుకుని ఉండేదాన్ని.

 పిల్ల తప్పిపోలేదు. నానుంచి దాక్కుంది.

మంచం కోడు మీద మూడుసార్లు తట్టాను. బీరువా మీద, డ్రమ్ము మీద, బాత్రూం తలుపు మీద తట్టాను. పెరట్లోకి వస్తే ఇందాకటి కర్రముక్క కనబడింది. మా పెరట్లో ఒక పాడైపోయిన ఫ్రిజ్ ఉంది. అరలు పీకేసి, వెల్లకిలా పడుకోబెట్టి, వేట రోజుల్లో ఐసుపెట్టెగా వాడతాం. నిషేధం రోజుల్లో కడిగి, వాసన పట్టకుండా తలుపు కింద ఆ కర్ర ఆనించి ఉంచుతాం. ఇప్పుడు కర్ర నేలమీద ఉంది, తలుపు మూసి ఉంది.

తలుపు మీద తట్టాను. ఒకటి, రెండు, మూడు. లోపలినుంచి చాలా నీరసంగా ఒక తట్టు వినిపించింది.

తలుపు ఎలా ఎత్తానో తెలియదు. పిల్ల చెమటలో నానిపోయి, పెదాలు పాలిపోయి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ముడుచుకుని ఉంది. గౌను పచ్చది. ఫ్రిజ్ తలుపు రబ్బరు ఒక మూల చినిగి ఉంది. ఐసు కరిగిపోతోంది, ఆ రబ్బరు మార్చమని వదిన ఏడాదిగా పోరుతుంటే అన్నయ్య రేపు మాపు అని దాటేస్తున్నాడు. అన్నయ్య బద్ధకం, ఆ వేలెడు సందు, దానిలోంచి వచ్చిన గాలి దాన్ని బతికించాయి. ఎత్తుకోబోతే నన్ను తోసేసి, నా అరుపు విని ఒడ్డునుంచి పరుగెత్తుకొచ్చిన మా అమ్మ మెడ పట్టుకుంది.

వదిన ఆటో దిగి పరుగెత్తుకొచ్చింది. దారిపొడుగునా అరుస్తూ ఏడ్చిందని ఆటో అతను చెప్పాడు. పిల్లని గుండెకి హత్తుకుని పిలవబోయింది. నోరు కదిలింది, శబ్దం రాలేదు. పేటంతా వినబడే గొంతు పూర్తిగా పోయింది. పిల్ల తల్లి నోట్లోకి చూసింది. తర్వాత తల తిప్పి నావైపు చూసింది.

"అత్త దొంగిలించింది కదమ్మా," అంది. "నీకు నొప్పి కలిగిందా?"

ఎవరూ నవ్వలేదు.  నన్ను తిడదామన్నా వదినకి గొంతు లేదు. మూడు రోజులు అలాగే ఉంది. ఆ మూడు రోజులూ పిల్ల నేనున్న గదిలోకి రాలేదు. వాకిట్లోనే ఆగి నా మెడవైపు, సంచి కోసం కాబోలు, చూసేది. నేను పని ఉన్నా లేకపోయినా ఆఫీసులో చీకటి పడేదాకా కూర్చునేదాన్ని.

నాలుగో రోజు ఉదయం వదిన వీధిలోంచి, "ఒలే గుంటా, పాలు తాగీసావా?" అని అరిచింది. పిల్ల ఉలిక్కిపడింది. వీధిలోకి పరుగెత్తి తల్లినీ, తల్లి నోటినీ చూసి వచ్చింది. నా గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి అడుగు పెట్టకుండానే, "తిరిగి ఇచ్చేసినందుకు ధన్యవాదాలు, అత్తా," అంది.

పరవాలేదమ్మా అన్నాను. దొంగని కానని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు దానికి ఆరేళ్లు. ఆ కథలు చూడటం మానేసింది, మరిచిపోయాననీ అంటుంది. అయినా లోపల ఉన్నప్పుడు నేను పేరు పెట్టి పిలిస్తే పలకదు. తలుపు మీద తడతాను. ఒకటి, రెండు. మూడోది తట్టి, లోపలినుంచి మాట వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుని నిలబడతాను.