ఒకే తూకం రాడ్లు

మా పక్క క్వార్టర్ బాబాయి పోయారు. కబురొచ్చినప్పుడు నేను స్కూలు వ్యానులో పిల్లల్ని బడికి తీసుకెళుతున్నాను. వ్యాను రోడ్డు పక్కకి తీసి ఫోనెత్తితే పిన్ని గొంతు. "మీ బాబాయి లేరే. గుండెల్లో నొప్పన్నారు. ఆటో వచ్చీసరికే అయిపోయింది." వెనక సీట్లలో పిల్లలు హిందీలో ఏదో పాట పాడుతున్నారు. వాళ్లని బడి దగ్గర దింపాకే వెనక్కి తిరిగాను.

మీరాయన్ని చూసి ఉండరు. మరోదా కాలనీలో మా క్వార్టర్ల వరసలో ఉన్నవాళ్లకి తప్ప ఆయన పెద్దగా ఎవరికీ తెలియదు. విజయనగరం వైపు నుంచి కుర్రతనంలో ఈ హిందీ ఊరికి వచ్చి, స్టీలు ప్లాంటు వాహనాల వర్కుషాపులో పనిచేసి రిటైరయ్యారు. నాకు రక్తసంబంధం కాదు. మా నాన్న పోయాక మా ఇంట్లోకి అడగకుండా వచ్చే మగమనిషి ఆయనొక్కరే. టీ సాసర్లో పోసుకుని, ఊదకుండా, చల్లారేదాకా ఓపిగ్గా చూసేవారు. తన పాత చిన్న కారులో ఆదివారం సాయంత్రం పిన్నిని ఎక్కించుకుని డ్యాము దాకా వెళ్లి రావడం ఒక్కటే ఆయన విలాసం. మోకాళ్ల నొప్పులతో ఎక్కడికీ నడవలేని పిన్నికి వారానికి అదే ఊరు చూడటం. ఆ రోజు తప్పకుండా పూలు పెట్టుకునేది.

పోయిన వానాకాలంలో నేను అండర్‌బ్రిడ్జి కింద నీళ్లలోకి వ్యాను దింపాను. లోతు తెలియలేదు. ఇంజిను నీళ్లు తాగి, ఒక్క పెద్ద చప్పుడు చేసి ఆగిపోయింది. అదృష్టం, అప్పుడు బండిలో పిల్లలు లేరు. మెకానిక్కు చూసి ఇంజినే మార్చాలన్నాడు. నాకంత స్తోమత లేదు. స్కూలు వ్యాను ఎక్కువ రోజులు ఆగితే పిల్లల తల్లిదండ్రులు ఇంకోటి చూసుకుంటారు. అమ్మా నేనూ దానిమీదే బతుకుతున్నాం.

"ఏటమ్మా, అలగ కూలబడిపోయావు? ముందు విప్పి చూద్దాం. ఏడుపు తర్వాత," అన్నారు బాబాయి.

విప్పారు. పిస్టన్లు గీరుకుపోయాయి. వాటిని కింద తిరిగే క్రాంకు ఇరుసుకి కలిపే కనెక్టింగ్ రాడ్లు కంటికి తెలిసేంతగా వంగాయి. క్రాంకునీ ఇంజిను బ్లాకునీ హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీల వైపు తెలిసినవాళ్ల షెడ్డులో కొలిపించారు. "ఇవి బాగున్నాయి. పిస్టన్లు, రింగులు, బేరింగులు కొత్తవి కొందాం. రాడ్లు మాత్రం కొత్తవి మన వల్ల కాదు. స్క్రాపులో చూస్తాను. టెన్షన్ మత్ లే, నేనున్నాను కదా," అన్నారు.

వానలో తడుస్తూ తిరిగారు. చివరికి ఒక పొద్దున్న గోనెగుడ్డలో చుట్టి మూడు రాడ్లు తెచ్చారు. మా వంటింటి తూకం మిషను అడిగి తీసుకుని ఒక్కొక్కటీ పెట్టి చూశారు. తూకంలో తేడా ఉంటే ఇంజిను అదురుతుందని, బరువున్నదాన్ని ఆకురాయితో అరగదీయాలని అంతకుముందే చెప్పి ఉన్నారు. మూడూ ఒకే తూకం ఉన్నాయి.

"స్క్రాపులో ఇలగ దొరుకుతాయేటి బాబాయీ?" అన్నాను.

"దొరికాయి కదా," అని తల తిప్పుకున్నారు. నాకేమీ తట్టలేదు.

కొత్త పిస్టన్లకి ఆయన వేలితో నూనె రాస్తుంటే పసిబిడ్డ మాడుకి ఆముదం పెడుతున్నట్టుండేది. బోల్టులు ఒకేసారి బిగించేవారు కాదు. అన్నిటినీ కొంచెం కొంచెం, మళ్లీ మొదటినుంచీ. అప్పుడు ఎవరు పలకరించినా పలికేవారు కాదు. "బోల్టు బిగించినప్పుడు నాకు చెవులుండవే," అనేవారు తర్వాత. ఇంజిను మొదటిసారి అందుకున్నప్పుడు నేను చప్పట్లు కొట్టాను. ఆయన నవ్వలేదు. ఒంగి, చాలాసేపు విని, "బస్, చాలు. పిల్లల్ని ఎక్కించీ," అన్నారు.

ఆ తర్వాత ఆయన కారు బయటికి రాలేదు. రేకుల షెడ్డు కింద కవరు కప్పుకుని ఉండేది. ఆదివారాలు ఇద్దరూ అరుగు మీదే కూచునేవారు. "ముసలితనం మీకొచ్చిందా బాబాయీ, మీ బండికా?" అని ఒకసారి వేళాకోళమాడాను. "ఇద్దరికీనే," అన్నారు. పిన్ని ఏదో అనబోయి కొంగు సర్దుకుంది. ప్రతి సాయంత్రం మాత్రం నేను రాగానే "ఇయ్యాల ఎలగ నడిచింది?" అని అడిగేవారు.

దినకార్యాలు అయ్యాక పిన్నికి ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. కారు నడిచేలా చేస్తాను, ఆదివారాలు నేను తిప్పుతానన్నాను. కవరు లాగి బానెట్ మీద చెయ్యి వేశానో లేదో, గుమ్మంలోంచి కేకేసింది.

"వద్దే! అందులో ఏటీ లేదు."

అప్పటికే ఎత్తేశాను. నా వ్యానుకున్న రకం ఇంజినే, పైభాగం విప్పేసి ఉంది. దానిమీద పాత తువ్వాలు కప్పారు. తువ్వాలు తీస్తే పిస్టన్లు లేవు, రాడ్లు లేవు.

"చెప్తే నువ్వు తీసుకోవని చెప్పొద్దన్నారు," అంది పిన్ని. "హథ్‌ఖోజ్ అంతా తిరిగారు. దొరికినవన్నీ అరిగినవో, వంగినవో. పిల్లలు కూచునే బండిలో ఎవడో పారేసింది ఎలగ పెడతానన్నారు. మనకి తర్వాత చూసుకుందామన్నారు. చూసుకోలేదు."

"బాబాయికి నొప్పొచ్చిన పొద్దున ఈ కారు నడిచి ఉంటే, పిన్నీ..."

"ఎవరు నడుపుతారే? నాకొచ్చా?"

"ఎదురింటి భయ్యాకి వచ్చు కదా."

పిన్ని గుమ్మం దిగొచ్చి తువ్వాలు అందుకుని మడత పెట్టింది. నడిచినా లాభం లేకపోయేదని గట్టిగా అని ఉంటే నాకు కొంత తేలికయ్యేది. ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు. "లోపలికి రా, టీ పెడతాను," అంది.

ఆ పొద్దున ఆ రాడ్లు ఎక్కడున్నాయో నాకు తెలుసు. నా సీటు కింద, మంచి రోడ్డు మీద, ఒక్క అదురు లేకుండా తిరుగుతున్నాయి.

వాటిని విప్పించి కారులో తిరిగి పెట్టించేస్తానన్నాను. పిన్నికి కోపమొచ్చింది. "ఆయన బిగించింది విప్పుతావేటి?" అంది. నేను విప్పించలేదు. ఆవిడ మాట విన్నానో, నా బతుకు చూసుకున్నానో ఇప్పటికీ నాకు తేలడం లేదు.

ఇప్పుడు సాయంత్రం ట్రిప్పుకి పిన్ని నాతో వస్తోంది. తనే అడిగింది. ముందు సీట్లో కూచుంటుంది. ఇంజిను ఆ సీట్ల కిందే గనక మోకాళ్లకి వెచ్చగా హాయిగా ఉందంటుంది. పిల్లలు అమ్మమ్మ అనడానికి నానీ అని పిలుస్తారు, తమ తినేవాటిలోంచి తలా ఒకటీ చేతిలో పెడతారు.

నిన్న అందర్నీ దింపేసి వచ్చి, క్వార్టర్ ముందు ఆపి, ఇంజిను ఆపేద్దామని తాళం తిప్పబోయాను.

"ఉండనీయే కాసేపు," అంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పిన్ని కళ్లు మూసుకుంది. ఒక చేతిలో ఎవరో పిల్ల ఇచ్చిన బిస్కట్టు, సగం కొరికినది, అలాగే ఉంది. రెండో అరచెయ్యి మెల్లగా సీటు అంచు కిందికి జారి, ఆ వెచ్చదనం మీద ఆగింది.