యాదమ్మ షటర్ మూయనివ్వని మేడం

నిన్న సాయంత్రం తార్నాక మెట్రో మెట్లు దిగుతుంటే ఎక్కడి నుంచో ఇంగువ తాలింపు ఘాటు ముక్కుకు తగిలింది. ఆ వాసనకు అందరికీ ఆకలి గుర్తొస్తుందేమో, నాకు మాత్రం సుభద్ర మేడం గుర్తొస్తారు. యూనివర్సిటీలో మాకు ఫిజిక్స్ చెప్పారు. అనంతపురం మనిషి. కోపం ముక్కు మీదే ఉండేది, నవ్వు దాని వెనకే వచ్చేది. ఈ రోజు నేను చేస్తున్న ఉద్యోగానికీ, బతుకుతున్న తీరుకూ ఆమే కారణం.

నేను ఎమ్మెస్సీ చదివే రోజుల్లో సన్న ప్లాస్టిక్ కవర్లు వాడితే జరిమానా అని ఆదేశాలొచ్చాయి. క్యాంపస్ గేటుకు దగ్గర్లో యాదమ్మ కర్రీ పాయింట్ ఉండేది. గదుల్లో అన్నం మాత్రం వండుకునే విద్యార్థులంతా ఇంగువ తాలింపు వేసిన పప్పూ, కూరా అక్కడే కవర్లలో కట్టించుకునేవారు. మేం నలుగురం పోస్టర్లు రాసుకుని, లోకాన్ని ఉద్ధరించే ఉత్సాహంతో వెళ్లాం. యాదమ్మ వాటిని ఎగాదిగా చూసి, "కవర్లు బందయితే పప్పు దేంట్ల పొయ్యాలె బిడ్డా? గీ పోస్టర్లనా?" అంది. మేడం దగ్గరికి వెళ్లి వాపోతే ఆమె పగలబడి నవ్వారు.

"సరిగ్గానే అడిగింది కదమ్మే! ముందు ఆయమ్మ అంగట్లో వారం దినాలు పొట్లాలు కట్టండి. అప్పుడు తెలుస్తాది."

కట్టాం. చేతులు కాల్చుకున్నాం. అప్పుడు గానీ కుర్రాళ్ల ఇబ్బంది అర్థం కాలేదు. కవరు బదులు డబ్బా తెచ్చుకోవచ్చు గానీ, క్లాసులకూ కోచింగులకూ దాన్ని మోసుకు తిరగడం వాళ్లకు నామోషీ. అందుకే మేడం షాపులో ఒక చెక్క అర పెట్టించారు. పొద్దున్న వెళ్తూ పేరు రాసిన స్టీలు డబ్బా అక్కడ పెట్టి పోవడం, సాయంత్రం కూరతో తీసుకుపోవడం. అంతా కుదిరిందనుకున్నాం.

మొదటి సాయంత్రమే గొడవ మొదలైంది. డబ్బా మూత తీసి చూసిన ఒక కుర్రాడు, "ఏందక్కా, కవర్‌తో పాటు పప్పు గూడ సగం బందు వెట్టినవా?" అని అరిచాడు. వెనక వాళ్లూ అందుకున్నారు. నిజమే, వెడల్పు డబ్బాలో పప్పు అడుగుకు అంటుకున్నట్టే ఉంది. యాదమ్మ ఎప్పటి గరిటెతోనే పోసింది, నేనూ మేడమూ పక్కనే ఉన్నాం. ఆమె గరిటె కింద పెట్టేసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"దొంగ అనిపిచ్చుకునుడు నాతోని గాదు. రేపటి సంది షటర్ తియ్య."

మేం సాయం చేయబోయి ఆమె బతుకు తెరువే పోగొట్టాం కదా అని ఏడుపొచ్చింది. మేడం మాత్రం చీర కొంగు దోపి ముందుకొచ్చారు. మూలన మిగిలిన ఒక పాత కవరు అడిగి తీసుకుని, ఆ కుర్రాడి డబ్బాలోని పప్పంతా అందులో పోశారు. యాదమ్మను, ఎప్పుడూ చేసినట్టే ఒక్క విసురుతో తిప్పి దారం చుట్టమన్నారు. కవరు బూరెలా ఉబ్బింది.

"ఇప్పుడు నిండుగా ఉందా నాయనా?"

"ఉన్నది మేడం."

"అదే పప్పు! ఇన్నాళ్లూ గాలికి గూడా దుడ్లిస్తా ఉంటివి."

బజారంతా గొల్లున నవ్వింది. ఆ కుర్రాడు చెవులు పట్టుకుని, "మాఫ్ చెయ్యి అక్కా" అన్నాడు. యాదమ్మ ఏడుస్తూనే నవ్వింది. మర్నాటి నుంచి గరిటె అందరికీ కనిపించేలా ఎత్తి, "రెండు గరిటెలు, చూస్కో!" అని గట్టిగా చెప్పి మరీ పోసేది. నెల తిరక్కుండానే అర చాలక ఇంకో అర వేయించింది. పక్క టిఫిన్ సెంటర్ వాళ్లూ, ఎదుటి బిర్యానీ వాళ్లూ అది చూసి తామూ అరలు కొట్టించుకున్నారు. మా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

"మనం గెలిచాం మేడం!" అన్నాను.

"మనం గెలిచేదేముందమ్మే? ఆయమ్మ అంగడి నిలబడింది. అది జాలు."

ఇప్పుడు దుకాణాల వాళ్లతో ప్లాస్టిక్ మాన్పించడమే నా ఉద్యోగం. పోయిన నెల అంబర్‌పేట్‌లో పూల దుకాణం నడిపే ఒక ముసలాయన చేత కవర్లు మాన్పించి, ఆకు పొట్లాలు మొదలుపెట్టించాం. మర్నాడు మా ఆఫీసరు ఫోన్ చేసి, కవర్లు పూర్తిగా పోయాయా అని అడిగితే, చూసి చెప్తానన్నాను. నేను అప్పటికే బస్సులో ఉన్నాను. ఆ ముసలాయన దుకాణం తెరిచాడో లేదో చూడ్డానికి పోతున్నాను. దూరం నుంచే బంతిపూల గుట్టల చుట్టూ మూగిన జనం కనిపించారు. అప్పుడు ఆఫీసరుకు ఫోన్ చేసి, పని అయిందని చెప్పాను.