మోకాలి కీలు ఎంచింది నేను కాదు

మా భుయ్యాడీహ్ తెలుగువాళ్ల వీధిలో మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రెండేళ్లుగా సలహా కోసం నా దగ్గరికి వస్తున్నారు. మా నాన్నకు ఏ రకం కీలు వేయాలో డాక్టరును అడిగి తేల్చింది నేనేనని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం కలిగించింది నేనే. అది అబద్ధం.

నాన్న స్టీలు కర్మాగారంలో ఫిట్టరుగా రిటైరయ్యాడు. ముప్ఫై ఏళ్లు బేరింగులు మార్చిన మనిషి. కుడి మోకాలు అరిగిపోయి, మేడ మీది ఇంట్లోంచి కిందికి దిగడమే మానేశాడు.

కీలు మార్చే ఆపరేషనుకు ముందు బిష్టుపూర్‌లో ఆసుపత్రి డాక్టరు రెండు కృత్రిమ కీళ్ల నమూనాలు బల్ల మీద పెట్టాడు. రెండింటిలోనూ లోహపు ముక్కల మధ్య ఒక ప్లాస్టిక్ పలక ఉంది. పాత రకంలో అది కదలదు. కొత్త రకంలో పలక కూడా కాస్త తిరుగుతుంది. ఫోనులో చదువుకుని వెళ్లిన నేను వెంటనే "కొత్తదే వెయ్యండి" అన్నాను.

నాన్న ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, కళ్లు మూసుకుని మడిచాడు, చాపాడు. పలక అడుగున గోటితో గీశాడు.

"డాక్టర్ సాబ్, ఇది తిరిగితే కింద కూడా రాసుకుంటుంది కదా? రెండు పక్కలా అరగదా?" అని హిందీలో అడిగాడు.

నాకు సిగ్గేసింది. "ఇది మిల్లు కాదు నాన్నా. నీకేటి తెలుసు? ఊరుకో" అన్నాను.

డాక్టరుకు తెలుగు రాదు గానీ నా గొంతులోని విసుగు అర్థమైంది. నాన్నను అడగనివ్వమన్నాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని నాన్నతో పాటు ఆ కీలు మడిచి చూశాడు. బరువు పలకంతా పరుచుకుని అరుగుదల తగ్గుతుందనే ఆశతో కొత్తది చేశారనీ, ఏళ్ల తరబడి చూస్తే చాలామందిలో రెండూ ఇంచుమించు ఒకేలా పనిచేస్తున్నాయనీ చెప్పాడు. ఆ ఇద్దరి తలలూ ఒకే నమూనా మీద వంగి ఉండటం తలచుకుంటే ఇప్పటికీ నా ఛాతీ ఉప్పొంగుతుంది.

"మీ చెయ్యి దేనికి అలవాటు పడింది?" అన్నాడు నాన్న.

"పాతదానికే."

"అయితే అదే వెయ్యండి." నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు: "బేరింగు ఎంత మంచిదైనా వంకరగా ఎక్కిత్తే ఏటౌద్దిరా? పోద్ది."

ఆపరేషనైన మూడో నెలలో నాన్న మెట్లు దిగి టీ కొట్టుదాకా ఒక్కడే నడిచాడు. అడిగినవాళ్లకు ఆ ప్రశ్నలు నావేనని చెప్పుకున్నాను. నాన్న పక్కనే ఉండి విన్నాడు, ఒక్కసారి కూడా కాదనలేదు.

మొన్న ఆదివారం నాన్నతో పనిచేసిన ఒక పెద్దాయన వచ్చాడు. భార్యకు ఆపరేషను.

"డాక్టర్ని ఏటడగాలో రాసిత్తావా బాబూ?"

పెన్ను తీశాను. ఆ రెండు ప్రశ్నలు రాయగలను. డాక్టరు ఎదురు ఏమైనా అంటే ఆ తర్వాత ఏమడగాలో నాకు తెలియదు. నా మాట నమ్మితే పోయేది ఆవిడ కాలు.

"అడిగింది నేను కాదు మావయ్యా, నాన్న. నేనైతే ఊరుకోమన్నాను."

ఆయన పగలబడి నవ్వాడు. "అదీ సంగతి! పానా పట్టుకోడం రానోడికి ఇన్ని తెలివితేటలేటా అనుకున్నాను!"

లోపలి గదిలోంచి నాన్న కేకేశాడు: "ఆడితో ఏటి మాటలు? ఇలా రా బావా. మా సెల్లిది ఏ కాలు?"

సోమవారం నాన్న వాళ్లతో పాటు బిష్టుపూర్ వెళ్లాడు. నేను ఆటో పిలిచాను, అంతే.