నిదానం గారి గుండెదడ

ఆయన్ని అందరూ నిదానం అనే పిలిచేవాళ్లు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. లిఫ్టు మెకానిక్కు. లిఫ్టు మధ్యలో ఆగిపోయి లోపల జనం తలుపులు బాదుతూ అరుస్తుంటే, బయట మేనేజరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, ఈయన మాత్రం సంచీ కింద పెట్టి, చొక్కా చేతులు మడిచి, "లోపల ఎవరండీ? భోజనాలయ్యాయా?" అని అడిగేవాడు. దెబ్బకి లోపల అరుపులు ఆగిపోయేవి. కొందరికి ఒళ్లు మండేది కూడా. మండితే మండనీ, భయం మాత్రం పోయేది.

అలాంటి మనిషికి భయం పట్టుకుంది. దేని భయం అని అడిగితే ఏం చెప్పను? చేత్తో చూపించడానికి ఏమీ లేదు.

మొదటిసారి అది టీ కొట్టు ముందు వచ్చింది. పని ఒత్తిడి లేదు, తగువు లేదు, పెద్ద ఎండ కూడా లేదు. చేతిలో గ్లాసు పట్టుకుని పక్కవాడి సోది వింటూ నిలబడ్డాడు. ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకోవడం మొదలెట్టింది. ఊపిరి సగంలోనే ఆగిపోతోంది. వేళ్లు తిమ్మిరెక్కాయి. వీధంతా దూరం జరిగిపోయి తనొక్కడే మిగిలిపోయినట్టు అనిపించింది. అయిపోయింది, ఈ బల్ల పక్కనే పోతాను అనుకున్నాడు. అనుకుని, గ్లాసు పగలకుండా జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. పోయేవాడికి గ్లాసు మీద అంత శ్రద్ధ ఎందుకో మరి! కాసేపటికి అదంతా వచ్చినట్టే పోయింది. చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది.

ఎవరికీ చెప్పకుండా ఆస్పత్రికి వెళ్లాడు. డాక్టరమ్మ గుండె పరీక్ష చేయించింది, రక్తం తీయించింది, అన్నీ చూసి నవ్వింది. "మీ గుండె భేషుగ్గా ఉందండీ. దీన్ని పానిక్ అటాక్ అంటారు. దొంగ రాకుండానే అలారం మోగడం లాంటిది. మోగినంతసేపూ చచ్చిపోతామనే అనిపిస్తుంది. చావరు. కాసేపటికి దానంతటదే దిగిపోతుంది. దీనికి వైద్యం ఉంది, వచ్చి మాట్లాడుతూ ఉండండి, అవసరమైతే మందులిస్తాను. ముందు ఇంట్లో చెప్పండి. పనిలో మీ పక్కనుండేవాళ్లకీ చెప్పండి" అంది.

ఇంత చెబితే ఆయన చెవికెక్కింది ఒక్కటే, గుండెలో ఏమీ లేదని. గుండెలో లేకపోతే మరెక్కడుంది? తలలో ఉంది. అంటే నాకు పిచ్చెక్కుతోంది! చూడండి ఆయన లెక్క. మరమ్మతులు చేసే మనిషి కదా, ఇక్కడ లోపం లేకపోతే అక్కడుందంటాడు తప్ప, లోపం లేకుండానే గంట మోగుతుందంటే నమ్మడు. మళ్లీ ఆ డాక్టరమ్మ గుమ్మం తొక్కలేదు.

చెప్పకపోవడానికి ఇంకో కారణం ఉంది. దాని పేరు రేడియో. రేడియో అంటే ఆయన బావమరిది, భార్యకి స్వయానా తమ్ముడు. నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు. పనీపాటా లేకుండా తిరుగుతుంటే ఈయనే తీసుకొచ్చి పని నేర్పించి తన జంటగా పెట్టుకున్నాడు. "వాడి ప్రాణం మీ చేతుల్లో పెడుతున్నానండీ" అని ఆ రోజు భార్య నవ్వుతూనే అంది. ఇప్పుడు పోయి, ఒరేయ్ నాకు ఊరికే భయమేస్తోందిరా అని ఆ బావమరిదికి చెప్పాలా? వాడు సాయంత్రానికల్లా ఊరంతా ప్రసారం చెయ్యడూ! కంపెనీవాళ్లు చేతిలో పనిముట్లు లాక్కుని ఇంటికి పంపెయ్యరూ! నిదానం అని పిలిచిన నోళ్లే రేపు ఏమని పిలుస్తాయో తలుచుకుంటే తల కొట్టేసినట్టుండేది.

కాబట్టి దాచాడు. దాచడం ఒక ఉద్యోగమైపోయింది. బస్సులో తలుపు పక్కనే నిలబడేవాడు. సెలూన్లో మెడకి గుడ్డ కడితే ఊపిరాడదని, వెళ్లడమే మానేసి జుట్టు పెంచాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ మణికట్టు మీద వేలు పెట్టి నాడి చూసుకునేవాడు. అన్నిటికన్నా విడ్డూరం, లిఫ్టు బాగుచేసి మెట్ల మీదుగా దిగొచ్చేవాడు.

"ఏం బావా, నువ్వు బాగుచేసిన లిఫ్టు నువ్వే ఎక్కవా?" అని రేడియో ఆటపట్టించేవాడు.

"డాక్టరు నడవమందిరా."

"ఏ డాక్టరు?"

"ఏదో ఒక డాక్టరులే. నీకెందుకు, స్పానరు అందుకో."

ఇంట్లో భార్య ఊరుకుంటుందా? "ఏవండీ, మనిషి సగమైపోయారు. ఏమైంది?" అని అడిగితే, "ఏమవుతుంది, వయసవుతోంది" అని తప్పించుకునేవాడు. ఆయన పొట్టలో ఏదో తేడా అనుకుని ఆవిడ కూరల్లో కారం తగ్గించింది. పాపం, ఆవిడకి తోచింది ఆవిడ చేసింది.

ఇక్కడ వాళ్ల పనిలో ఒక పద్ధతి చెప్పాలి. లిఫ్టు అడుగుభాగంలో పని ఉంటే ఒకడు లిఫ్టు పెట్టె నెత్తి మీద నిలబడతాడు, ఇంకొకడు కింద గోతిలో దిగుతాడు. మధ్యలో పెట్టె అడ్డం, ఒకరికొకరు కనపడరు. వాళ్లిద్దరికీ మధ్య ఉన్నదల్లా మాటే. కిందవాడు "ఆపావా?" అని అరుస్తాడు. పైవాడు అక్కడున్న ఎర్ర బటన్ నొక్కి "ఆపాను" అంటాడు. అది నొక్కితే ఏ అంతస్తులో ఎవరు పిలిచినా లిఫ్టు కదలదు. ఆ మాట విన్నాకే కిందవాడు పెట్టె కింద తల పెడతాడు. ఏళ్ల తరబడి అనీ అనీ ఆ జవాబు ఎంత అలవాటైపోయిందంటే, పేరు పెట్టి పిలిస్తే "ఆఁ" అంటామే, అంత అలవాటు.

ఆ రోజు ఒక పాత ఆఫీసు భవనంలో పని. గోతిలో కూడా అలా ఆపే బటన్ ఒకటి ఉండాలి, కానీ అక్కడ అది ఎప్పుడో చచ్చిపోయింది. కొత్తది తెప్పిస్తాం తెప్పిస్తాం అంటూనే ఉన్నారు. లిఫ్టు పెట్టె మొదటి అంతస్తులో ఉంది. రేడియో కింద తలుపు తెరిచి గోతిలోకి దిగాడు. దారినపోయేవాళ్లు పడిపోకుండా తలుపు మళ్లీ దగ్గరికి లాగేశాడు. చిన్న నిచ్చెన వేసుకుని, గ్రీజు డబ్బా తగిలించుకుని, మేనేజరు విగ్గు సంగతి ఏదో అందుకున్నాడు. నిదానం పై అంతస్తు తలుపులోంచి పెట్టె నెత్తి మీదకి దిగాడు. వెనక తలుపు మూసుకుంది.

మూసుకోవడంతోనే మొదలైంది.

చీకటి. గ్రీజు వాసన. నలువైపులా సిమెంటు గోడ, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. గుండె గొంతులోకొచ్చి కొట్టుకుంటోంది. నోరు తడారిపోయింది. పైకి పాకి తలుపు బాదాలనిపించింది, కాళ్లు రాలేదు. రెండు చేతులా ఇనుప కమ్మీ పట్టుకుని, దేవుడా ఇప్పుడు కాదు, ఇక్కడ కాదు అనుకుంటున్నాడు. కింద రేడియో గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది.

"బావా! ఆపావా?"

"ఆపాను."

ఖంగుమంటూ, ఎప్పటిలాగే నిబ్బరంగా వచ్చిందా మాట. నోరు తన పని తను చేసేసింది. చేతులు మాత్రం కమ్మీ వదల్లేదు. బటన్ నొక్కలేదు. నొక్కలేదన్న ఊహ కూడా ఆయనకి లేదు. ఆయన లోకమంతా ఆ క్షణాన ఆయన ఊపిరే.

కింది అంతస్తులో లిఫ్టు తలుపు దగ్గరికి ఎవరో మహానుభావుడు వచ్చాడు. 'లిఫ్టు పనిచేయదు' అని ఇంతింత అక్షరాలతో బోర్డు వేలాడుతోంది. చదివితేగా! లిఫ్టుని పిలిచే బటన్ నొక్కాడు. పైన మోటారు గదిలో టక్కుమంది. ఆ చప్పుడు దేనిదో నిదానానికి తెలియంది కాదు. కాళ్ల కింద పెట్టె కదిలింది. కిందికి కదిలింది.

ఎలా వంగాడో, ఎలా కొట్టాడో, బటన్ మీద అరచెయ్యి పడింది. పెట్టె ఒక్క కుదుపుతో ఆగింది. కింద నిచ్చెన పడిన చప్పుడు, డబ్బా దొర్లిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

"ఒరేయ్!"

ఎప్పుడూ మూతపడని ఆ నోట్లోంచి ఒక్క ముక్క రావడం లేదు. నిదానానికి పై ప్రాణాలు పైనే పోయాయి. "ఒరేయ్, మాట్లాడరా! ఏదో ఒకటి వాగరా!" అని అరుస్తున్నాడు.

"బావా..." అని సన్నగా వినపడింది. "ఇదేంటి బావా, కదిలిందేంటి?"

నిజం చెప్పడానికి అదే సమయం. నోటిదాకా వచ్చింది కూడా.

"బ్రేకు జారినట్టుందిరా" అన్నాడు.

రేడియోకి మోచెయ్యి చీరుకుపోయింది, అంతే. కట్టు కట్టించుకుని వచ్చి, కనపడినవాడికల్లా చెప్పడం మొదలెట్టాడు. బ్రేకు జారిందట, పెట్టె మీద పడబోయిందట, మా బావ కాబట్టి రెప్పపాటులో ఆపాడట, ఇంకొకడైతే ఈపాటికి నా ఫోటోకి దండ పడేదట. మేనేజరు వచ్చి నిదానానికి చెయ్యి కలిపాడు. ఆయన చెయ్యి ఇచ్చి, వెంటనే మెట్ల మీద కూలబడ్డాడు. పాపం బాగా కంగారుపడ్డారు అన్నారందరూ.

సాయంత్రం ఇంట్లో మళ్లీ అదే ప్రసారం, ఈసారి అభినయంతో సహా. అక్క విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కళ్లు తుడుచుకుని భర్త కంచంలో ఇంకాస్త వడ్డించింది. "మీరు పైన ఉన్నారు కాబట్టి సరిపోయింది. మీరున్నంతకాలం వాడి గురించి నాకు దిగులు లేదండీ" అంది.

ఆయన కంచం ముందునుంచి లేచిపోయాడు. చెయ్యి కడుక్కుని పెరట్లోకి పోయి గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఇన్నాళ్లూ తను చచ్చిపోతానేమో అన్న భయం. ఇప్పుడు చంపేస్తానేమో అన్న భయం. ఇది మొదటిదానిలాంటిది కాదు. కాసేపట్లో దిగలేదు, నాడి చూసుకుంటే తగ్గలేదు. పొద్దున లేచేసరికీ అలాగే ఉంది.

మర్నాడు మళ్లీ అదే భవనం. రేడియో మోటారు గదిలోకి పోయి బ్రేకంతా విప్పి చూసి, తల గోక్కుంటూ దిగొచ్చాడు. "బ్రేకు కొత్తదానిలా ఉంది బావా. ఎందుకు జారిందో అంతుపట్టడం లేదు."

"నాకూ తెలియదు" అన్నాడు నిదానం. మళ్లీ అబద్ధం.

"పోనీలే. నువ్వు పైనుంటే నాకేం భయం?" అంటూ రేడియో తలుపు తెరిచి, అంచు పట్టుకుని, ఒక కాలు గోతిలోకి వేశాడు.

"దిగకు."

"ఏం బావా?"

"దిగకురా. ఇలా పైకి రా. నిన్న బ్రేకు జారలేదు. నేను బటన్ నొక్కలేదు."

రేడియో నవ్వాడు. "నువ్వేగా అన్నావు ఆపానని. నా చెవులతో విన్నాను."

"అన్నాను. నొక్కలేదు."

అక్కడే మెట్ల మీద కూర్చుని చెప్పాడు. వరస లేదు, పాడు లేదు. టీ కొట్టు, సెలూను, మెట్లు, డాక్టరమ్మ, చీకటి, కమ్మీ పట్టుకున్న చేతులు, అన్నీ కలిపి కుమ్మరించాడు. రేడియో మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. మోచేతి కట్టు వైపే చూస్తూ విన్నాడు.

"నిన్న నేను పోయుంటే, అక్కకి ఏం చెప్పేవాడివి బావా?" అన్నాడు చివరికి.

అబద్ధం ఆడదామంటే ఇక ఓపిక లేదు.

"బ్రేకు జారిందని చెప్పేవాణ్ణి."

రేడియో లేచాడు. చేతిలో స్పానరు గోడకేసి కొట్టాడు. "ఛీ! నువ్వూ ఒక మనిషివేనా?" అని విసవిసా బయటికి వెళ్లిపోయాడు. ఇంక రాడు అనుకున్నాడు నిదానం. పెళ్లాం, బావమరిది, పని, పరువు, అన్నీ ఆ గుమ్మం దాటి వెళ్లిపోయాయి అనుకున్నాడు. అలా అనుకుంటుండగానే వేళ్లు తిమ్మిరెక్కాయి. గుండె అందుకుంది.

ఎంతసేపైందో, రేడియో తిరిగొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇంకో నాలుగు తిట్లు సిద్ధం చేసుకునే వచ్చినట్టున్నాడు గానీ, బావ మొహం చూసి ఆగిపోయాడు.

"ఏంటి, వస్తోందా?"

తల ఊపాడు.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"ఏం... చెయ్యక్కర్లేదట. అదే... దిగుతుందట."

రేడియో వచ్చి పక్కన కూర్చున్నాడు. చెమటతో తడిసిన ఆ చెయ్యి పట్టుకున్నాడు. "సరే, రానీ బావా. ఇప్పుడు పైన ఎవరూ లేరు, కింద ఎవరూ లేరు. రానీ" అన్నాడు.

వచ్చింది. ఎప్పటిలాగే ప్రాణం తీసేలా వచ్చింది, కాసేపు ఉంది, దిగింది. ఆ తర్వాత రేడియో జేబులోంచి ఫోను తీసి అక్కకి చేశాడు. ఆవిడ "చెప్పరా" అనగానే, తను ఒక్క ముక్క కూడా మాట్లాడకుండా ఫోను బావ చేతిలో పెట్టాడు.