గుహలో పరిచిన గంజి నూలు

గుహలంటే బెజవాడలో అందరికీ ఉండవల్లే. "అక్కడ కొలవడానికేముందండీ, టికెట్టు కొనుక్కుని చూసొచ్చేయడమేగా?" అంటారు. ఒళ్ళు మండుతుంది నాకు. అవి మనుషులు తొలిచినవి. నేను దూరేవి నీళ్ళు తొలిచినవి, జగ్గయ్యపేట వైపు సున్నపురాతి గుట్టల్లో. వాటిలో పాకుతూ కొలతలు తీసి పటాలు గీసినవాళ్ళు మా వైపు నాకు ముందు ఎవరూ లేరు. గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి. ఆ గొప్పే ఓసారి ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది.

ఆ మనిషి మా కాలేజీలో జువాలజీ మాష్టారు. నేను జియాలజీ. రాళ్ళు నావి, పురుగులూ గబ్బిలాలూ ఆయనవి. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి, షుగరు ఉంది, మహా నెమ్మదస్తుడు. నేనెంత కసిరినా "సరే మేడమ్" అనేవారు.

ఆ రోజు పొద్దున్న భవానీపురంలో మా ఇంటి ముందు కారెక్కేటప్పుడు ఆయన చేతిలో నైలాన్ తాడు చుట్ట ఉంది. గుహలో దారి తప్పకుండా వెళ్ళినంత మేరా దారం పరుచుకుంటూ పోయి, అది పట్టుకునే వెనక్కి రావాలి. "పెడన నేతవాళ్ళ పిల్లని, నాకు నైలాను చూపిస్తారేంటండీ? అవతల పడేయండి!" అన్నాను. పడేశారు. నా సంచిలో అమ్మ చుట్టి ఇచ్చిన నూలు చుట్టలు, రెండు చిలపలున్నాయి. ఒకటి గంజి పట్టించిన పడుగు నూలు, లాగినా తెగదు. రెండోది గంజి లేని పేక నూలు, మెతక. మెతకదాన్ని గుహ మొదట్లో తేలిక దారికి వాడేసి, గట్టిదాన్ని లోపలి చిక్కుదారులకు ఉంచాలనుకున్నాను.

అలాగే చేశాం. రెండు చిలపల కొసలూ కలిపి ముడేసి, మలుపు మలుపుకీ రాయికి చుట్టుకుంటూ లోపలికి పోయాం. భోజనం వేళకి ఆయన "వెళ్దామా మేడమ్" అన్నారు. "ఇంకొక్క గది కొలిచేద్దాం" అన్నాను. ఆ ఒక్కటీ మూడైంది. మధ్యలో నాకు ఆకలేసింది. సంచిలో ఉన్న ఒకే ఒక్క బిస్కెట్ ప్యాకెట్ విప్పి, "తీపివి, మీకు పడవులెండి" అని మొత్తం నేనే తినేశాను. ఆయన నవ్వి "సరే మేడమ్" అన్నారు.

వెనక్కి బయల్దేరి పది బారలు పాకామో లేదో, పట్టుకొస్తున్న దారం అక్కడితో ఆగిపోయింది. రాయికి చుట్టిన చోట చిన్న ముక్క, అంతే. ముందు మూడు సందులు, మూడూ ఒక్కలాగే ఉన్నాయి. ఎడమ సందులో దూరాను. గోడ తగిలింది. వెనక్కొచ్చేసరికి మాష్టారు కూలబడి ఉన్నారు. చొక్కా అంతా చెమట, చేతులు వణుకుతున్నాయి.

"పొద్దున్న మాత్ర వేసుకున్నాను. అన్నం తినలేదుగా. షుగరు పడిపోతోంది మేడమ్," అన్నారు. మాట ముద్దముద్దగా వస్తోంది.

సంచి బోర్లించాను. బిస్కెట్ కాగితం రాలింది. దాన్నే సిగ్గులేకుండా దులిపి చూశాను. పొడి కూడా లేదు. ఆయన్ని అక్కడ వదిలి దారి వెతకబోతే మళ్ళీ ఆయన దగ్గరికి రాగలనో లేదో. అక్కడే కూర్చుంటే కళ్ళముందే స్పృహ తప్పుతారు. భయమేసింది. చచ్చేంత భయమేసింది. ఆ భయంలో ఆయన మీదే అరిచాను.

"తాడు తెచ్చుకున్న మనిషి, నేనేదో అంటే పడేస్తారా ఎక్కడైనా!"

"సరే మేడమ్," అన్నారు. ఆ తర్వాత, "లైటు కిందికి దించండి," అన్నారు.

కుడి సందులో నేల మీద పొడుగు మీసాల కీచురాళ్ళు. గుంపుగా కాదు, వరసగా ఉన్నాయి.

"గంజి కోసం దారాన్ని అవే తినేశాయి. ఇంకా దారం పరిచిన చోటే ఉన్నాయి చూడండి. వాటి వెంట పోదాం."

చున్నీ ఒక కొస ఆయన నడుముకీ ఇంకో కొస నా నడుముకీ కట్టి లాక్కుంటూ పాకాను. "మాష్టారూ, మాట్లాడండి!" అంటే "ఊఁ" అనేవారు. మలుపు, కీచురాళ్ళు. ఇంకో మలుపు, కీచురాళ్ళు. "ఊఁ" రావడం ఆలస్యమవుతోంది. ఓ చోట ఆ వరస ఆగిపోయింది. ఎటు చూసినా ఒక్క పురుగు లేదు. వెనక నుంచి "ఊఁ" కూడా లేదు. అయిపోయిందిరా దేవుడా అనుకుని, ఏడుస్తూ నేలంతా తడిమాను. వేలికి ముడి తగిలింది. పొద్దున్న నేను వేసిన ముడే. దాని అవతల పేక నూలు, గంజి లేదని నేను పనికిరాదనుకున్న ఆ మెతక నూలు, ఒక్క పోగు తెగకుండా బయటిదాకా ఉంది.

ఆయన్ని బయటికి లాగి, గుట్ట కింద టీ బండి దగ్గరికి పరుగెత్తి, అడక్కుండానే పంచదార డబ్బా పట్టుకొచ్చాను. వేలికి అద్ది ఆయన చిగుళ్ళకు రాస్తూ కూర్చున్నాను. కాసేపటికి కళ్ళు తెరిచి, "నైలాను..." అన్నారు.

"నోర్ముయ్యండి," అని భోరుమన్నాను.

ఆ ఆదివారం పెడన వెళ్ళి, నీ నూలంతా పాడు పురుగులు తినేశాయని అమ్మతో విసుక్కున్నాను. "ఆకలితో ఉన్నవాటి ముందు గంజి పరిచొచ్చావు. తినవా మరి, పాపం?" అంది. బిస్కెట్ల సంగతీ, మాష్టారి సంగతీ దాచుకోలేక అప్పుడు చెప్పేశాను. నూలు చుడుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"పురుగులకి పెట్టావు గానీ, పక్కనున్న మనిషికి పెట్టలేదటే?" అంది.