చిన్న కొమ్ముల దుప్పి

కరోనా రోజుల్లో ఐర్లండులోని లిమరిక్ రైల్వే స్టేషన్ వెయిటింగ్ రూములో, నాకూ తనకూ మధ్య ఒక కుర్చీ వదిలి, ఒక తెలుగాయన కూర్చున్నాడు. నలభై ఏళ్లుంటాయి. ఆసుపత్రిలో రోగులను చూసుకునే కేరర్‌నని, సెలవుల్లో దుప్పుల వేటకు వెళ్తానని చెప్పాడు. నేను ఉలిక్కిపడ్డాను.

"లైసెన్సు ఉందిలెండి అంకుల్. ఇక్కడ దుప్పులు మరీ పెరిగిపోయాయి. మా మామగారు ఐరిష్ మనిషి, ఆయనే నేర్పారు."

ఆ మామగారికీ, ఆయన కొడుక్కీ ఇప్పుడు మాటల్లేవట. చిన్న కొమ్ముల దుప్పి కనిపిస్తే కాల్చకూడదు, ఎదగనివ్వాలి అంటాడు తండ్రి. పెద్ద కొమ్ములదే మంచి జాతి, దాన్ని వదిలి చిన్న కొమ్ములదాన్నే తీసెయ్యాలి అంటాడు కొడుకు.

"మధ్యలో మా ఆవిడ ఏడుస్తోంది. శనివారం వేటకు ఇద్దరూ నా వెనకే వస్తారు. చిన్నది ఎదురుపడితే ఏం చెయ్యాలి? కాలిస్తే మామ రాడు మా ఇంటికి, వదిలేస్తే బావమరిది రాడు." చెప్తూ, రెండు చేతులూ తలకు ఆనించి వేళ్లు కొమ్ముల్లా విప్పి చూపించాడు.

ఇద్దరి మాటా నాకు సబబుగానే తోచింది. ఏమీ పాలుపోక, "కాల్చి, గురి తప్పితే?" అన్నాను.

"బాగా చెప్పారు! ఇద్దరూ కలిసి నన్నే తిడతారు."

పకపకా నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయాడు. "కలిసి తిడతారు కదా, అంకుల్?" అన్నాడు మెల్లగా.

ఇంతలో ఆయన రైలొచ్చింది.

రెండు వాదనలూ డైరీలో రాసుకున్నాను. ఏది సరైనదో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ శనివారం మాత్రం, ఆయన గురి తప్పాలని పొద్దుటినుంచీ కోరుకుంటూ కూర్చున్నాను.