డబ్ల్యూతో మొదలయ్యే ఉద్యోగం

మా చిన్నప్పుడు... కళింగపట్నం ఒడ్డున ఎండుచేపలు తిరగేస్తూనే నేను మా మావకి ఇంగ్లీషు పంతులమ్మనయ్యాను. అరవైల చివరి రోజులవి. ఎనిమిదో తరగతి చదువుతున్నాను.

మావ అంటే మా అమ్మ చిన్నతమ్ముడు, ఎర్రయ్య. అంతకు ముందటేడే పెద్దమావ వేటకెళ్లి సముద్రంలో పోయాడు. అప్పట్నుంచి ఎర్రయ్య మావ పెళ్లాం, మా అత్తకి ఒకటే బెంగ... "మా ఆయన్ని ఏదో ఒక ఒడ్డు పనిలో ఎట్టండి బాబూ" అని కనబడినవాళ్లందరినీ బతిమాలేది.

ఊళ్లో ఒక గోదాముకి వాచ్‌మన్ కావాలన్నారు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు రావాలట.

"ఒలే గుంటా, వాచ్‌మన్ ఏ అచ్చరంతో మొదలవుతాది?" అన్నాడు మావ.

"డబ్ల్యూ, మావా."

"అయితే ఆ అచ్చరం మాటలే సెప్పు. మిగతాయి మనకెందుకు?"

వాటర్ అంటే నీళ్లు... విండ్ అంటే గాలి... వేవ్ అంటే కెరటం... వైఫ్ అంటే పెళ్లాం. ఆ మాటకి అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. వల బాగుచేసుకుంటూ మావ వల్లె వేసేవాడు. వెయిట్ దగ్గరే తికమక... ఒకటి బరువు, ఇంకోటి ఎదురుచూడటం అని చెప్పాను.

"ఎదురుసూడ్డం బరువు కాదేటే? రెండూ ఒకటేలే" అన్నాడు.

గోదాముకి రమ్మన్న రోజు తలకి నూనె రాసుకుని, మా నాన్న చొక్కా తొడుక్కుని వెళ్లాడు. పొద్దెక్కకముందే వచ్చేశాడు.

"ఏటడిగారు మావా?"

"ఏటీ అడగలేదే. గుమాస్తా బామ్మర్దిని నిన్ననే ఎట్టేసుకున్నారంట."

మర్నాడే మళ్లీ పడవెక్కాడు. అత్త వద్దనలేదు... ఇంట్లో గింజ లేదు మరి. కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం ఈదురుగాలి లేచి పడవ బోల్తా పడింది. తోటివాళ్లు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు... మావ రాలేదు. వంశధార సముద్రంలో కలిసేచోటు దాకా వెతికారు. శవం కూడా దొరకలేదు.

"అంత సదువు నేర్సినాడు గదే..." అంది అత్త, నా చెయ్యి పట్టుకుని. ఆ తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. చేపల గంప నెత్తిన పెట్టుకుని సంతలు తిరిగి తిరిగే ముసలిదైపోయింది.

ఇప్పుడు మా ఊళ్లో పిల్లలు ఇంగ్లీషు గడగడా మాట్లాడతారు... డిగ్రీలు చదువుతారు. చదివి, పని దొరక్క, గుజరాత్ పోయి అక్కడి పడవలెక్కుతున్నారు. వాళ్ల అమ్మలు ఫోన్లు చేతిలో పట్టుకుని కూర్చుంటున్నారు.

మీ ఊరి పిల్లలకైనా చదువు కూడు పెడుతోందా... పెడుతుంటే చెప్పండి. వినాలని ఉంది.